మా ఊరి పేరు రాయను

రాస్తే వచ్చే ఆదివారానికల్లా మా గెడ్డ ఒడ్డున పది కార్లు ఆగి ఉంటాయి. పాడేరు నుంచి జి.మాడుగుల వైపు వచ్చి, మధ్యలో తారు రోడ్డు వదిలేసి, మట్టిదారిన ఇంకో నాలుగు కిలోమీటర్లు. అంతవరకే చెప్తాను.

ఈ పిసినారితనం నాకు వంజంగిని చూశాక అంటుకుంది. పాడేరు హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో వంజంగి అంటే మా క్లాసులో ఇద్దరమ్మాయిల ఊరు, అంతే. ఆ కొండెక్కేది పశువులు తోలుకెళ్లేవాళ్లే. ఇప్పుడు చలికాలంలో ఏ ఆదివారమైనా తెల్లవారుజామున మూడింటికి చూడండి, కొండ మొదట్నుంచీ హెడ్‌లైట్లు బారులు తీరి ఉంటాయి. మేఘాల సముద్రం చూడ్డానికట. చూడాల్సిందే, కాదనను. కానీ ఎండెక్కి వాళ్లంతా దిగిపోయాక పైన మిగిలే నీళ్ల సీసాలు, నూడిల్స్ కప్పులు చూడ్డానికి కూడా ఎవరైనా ఒకసారి వస్తే బావుణ్ణు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లు చేసి, నాలుగేళ్ల కిందట పైకి వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడే ఒక పీహెచ్‌సీలో పని. కిందటి డిసెంబరులో ఒకాయన కాలు బెణికించుకుని మా దగ్గరికి వచ్చాడు. కట్టు కట్టించుకుంటూ "మీరు చాలా లక్కీ మేడమ్, రోజూ స్వర్గంలో ఉంటారు" అన్నాడు. పావుగంట పోయాక ఫోను గాల్లోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ సిగ్నలే రాదా? ఎలా ఉంటున్నారండీ బాబూ!" అన్నాడు. నేను ఏదో చెప్దామనుకునేలోపు వాళ్ల కారొచ్చింది. ఆయనకి చెప్పాలనుకున్నది అప్పట్నుంచీ నోట్లోనే ఉండిపోయింది.

పైకి వచ్చేశాను అన్నాను కదా. మాకు దిక్కులు రెండే, పైకి, కిందకి. విశాఖ వెళ్లినా, చోడవరం వెళ్లినా, ఢిల్లీ వెళ్లినా కిందకి దిగడమే. "మీ అన్నయ్య ఎక్కడున్నాడే?" అంటే "కిందున్నాడు" అంటాం, సరిపోతుంది. కిందవాళ్లు మమ్మల్ని ఏజెన్సీవాళ్లు అంటారు. చిన్నప్పుడు ఏజెన్సీ అంటే గ్యాస్ ఏజెన్సీ లాంటిదేదో అనుకునేదాన్ని. 1839లో చేసిన ఒక చట్టంతో ఇంగ్లీషువాళ్లు ఈ కొండల్ని మామూలు కోర్టుల కిందనుంచి తీసేసి, గవర్నరు తరఫున ఒక ఏజెంటు చేతిలో పెట్టారని, ఆ పేరే ఇప్పటికీ అంటుకుని ఉందని డిగ్రీలో తెలిసింది. తెల్లవాళ్లు పోయారు, ఏజెంటు పోయాడు, మేం మాత్రం ఏజెన్సీవాళ్లమే. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక కాగితాల మీద అల్లూరి సీతారామరాజు జిల్లా అని రాస్తున్నాం. నోటితో మాత్రం ఏజెన్సీయే, లేదంటే మన్యం.

మాడుగుల దాటి ఘాట్ మొదలయ్యాక ఎక్కడో ఒక మలుపులో చెవులు మూసుకుపోతాయి. గుటక మింగితే టప్‌మని తెరుచుకుంటాయి. మోదకొండమ్మ పాదాల దగ్గర బస్సు ఆపి డ్రైవరు దండం పెట్టుకుంటాడు. అక్కడినుంచి కిటికీలో వచ్చే గాలి వేరు. విశాఖలో ఉన్న ఆరేళ్లూ నెలకోసారి ఆ బస్సెక్కేదాన్ని. పాదాలు దాటాక నా భుజాలు వాటంతటవే కిందకి జారేవి. అంతవరకూ అవి పైకి బిగుసుకుని ఉన్నాయని నాకే తెలిసేది కాదు.

ఎందుకొచ్చేశావని అడిగినవాళ్లకి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. జీతం అక్కడే ఎక్కువ. ఒక్కటి మాత్రం గుర్తు. మా ఇల్లు లోయకి ఇవతల, తోట అవతల గట్టు మీద. ఇంటి దగ్గర నిలబడి అమ్మ పిలిస్తే ఆ పిలుపు నాకు రెండుసార్లు వినబడుతుంది. ఒకటి అమ్మ గొంతు, ఇంకోటి అవతలి కొండది. చిన్నప్పుడు మొదటిదానికి పలక్కుండా రెండోదానికి పలికేదాన్ని. విశాఖలో అద్దె గదిలో జ్వరంతో పడుకున్న ఒక రాత్రి, పక్క బిల్డింగులో ఎవరో తల్లి పిల్లని పిలిచింది. ఒక్కసారే వినబడింది. రెండోదాని కోసం చూస్తూ మెలకువగా ఉండిపోయాను. ఏడుపొచ్చేసింది. జ్వరంలో ఏదైనా ఏడిపిస్తుంది లెండి.

అలాగని ఇక్కడ జ్వరాలు తక్కువనుకోకండి. వానాకాలం వచ్చిందంటే నాకు పనే పని. సూదితో వేలు పొడిచి, గాజుపలక మీద నెత్తుటి చుక్క పెట్టి, గుండ్రంగా అద్ది, ఆరాక రంగు పట్టించి, నూనె చుక్క వేసి లెన్సు కింద చూడాలి. వెతికేది మలేరియా క్రిమి కోసం. పీవీ, అంటే వైవాక్స్ రకం అయితే కాస్త ఊపిరి పీల్చుకుంటాం. పీఎఫ్, అంటే ఫాల్సిపారం అయితే టెన్షన్, అది మెదడుకి ఎక్కే రకం. రక్తకణంలో ఉంగరంలా ఉంటుంది, ఉంగరానికి రాయిలా ఒక చుక్క. కొన్నాళ్ల పాతదైతే నెలవంకల్లా కనబడతాయి. ఊదారంగులో, ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను. మొదటిసారి చూసినప్పుడు అబ్బ అనుకుని, వెంటనే పలక మీద పేరు చూశాను. మా వీధి చివరింటి గుంటడు. అయిదేళ్లు.

కింద ఆసుపత్రిలో నాతో చేసినవాళ్లకి మలేరియా అంటే మురిక్కాలవ. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. మా వైపు మలేరియా మోసే దోమల్లో ఒకటి మెల్లగా పారే తేట నీళ్లలో, గెడ్డ అంచున గడ్డి తగిలే చోట గుడ్లు పెడుతుంది. అంటే మీరు ఫొటో తీసుకునే ఆ గెడ్డలోనే. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు, అంత తేటగా ఉంటుంది. ఆ నీళ్లే తాగాను, ఆ నీళ్లలోనే ఈత నేర్చుకున్నాను, ఏడో తరగతిలో ఆ గెడ్డ దోమే కుట్టి ఇరవై రోజులు మంచం పట్టాను. గెడ్డ మీద కోపం మాత్రం రాలేదు.

కోపం వచ్చింది దారి మీద. నాకు పదమూడేళ్లప్పుడు, ఆషాఢంలో, రాత్రి తొమ్మిదింటికి పిన్నికి నొప్పులొచ్చాయి. అప్పటికి మా ఊరికి మట్టిదారి కూడా లేదు, కాలిబాటే. వెదురు బొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, పిన్నిని అందులో కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకున్నారు. డోలీ అంటే ఇదే. పేపర్లో ఫొటోలు చూసే ఉంటారు. ఫొటోలో తెలియనిది ఒకటుంది. దిగుడులో మోసేవాళ్లు అడుగులు కలపకపోతే ఉయ్యాల ఊగి లోపలి మనిషి బండలకి కొట్టుకుంటుంది. అందుకని అడుగడుగుకీ "ఊ... ఊ..." అనుకుంటూ నడుస్తారు. నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను. గెడ్డ పొంగి ఉంది. దాటలేక పనస చెట్టు కింద ఆగాం. పిన్ని అక్కడే కంది. మగపిల్లాడు. ఇద్దరూ బతికారు. అదే బాటన డోలీలో వెళ్లి తిరిగి రానివాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి నేను ఇక్కడ రాయలేను.

మట్టిదారి వచ్చాక బైకు మీద ఫీడర్ అంబులెన్సు వస్తోంది. తారు రోడ్డు ఎప్పుడొస్తుందని ఒక ఆఫీసుకి వెళ్లి అడిగితే, మా ఊరికి రోడ్డు ఎప్పుడో వేసేసినట్టు కాగితంలో ఉందన్నారు. ఆ రోడ్డు మీద ఒకసారి నడవాలని నాకూ ఉంది.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నర్సీపట్నం వైపునుంచి చింతపల్లికి రోడ్డు వేయించడానికి, మా పెద్దల్లాంటివాళ్లచేత గిట్టని కూలికి చాకిరీ చేయించాడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్. పోడు కొట్టుకోనివ్వకుండా 1882 అటవీ చట్టం అప్పటికే నెత్తిమీద ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి సీతారామరాజు మనుషులు తుపాకులు పట్టుకుపోయారంటే, ఆ కోపం వెనక ఒక రోడ్డూ ఉంది. ఆయన వెంట నడిచిన గాం గంటం దొర, మల్లు దొర మా కొండవాళ్లే. ఒకప్పుడు కూలి ఎగ్గొట్టి వేసిన రోడ్డు మీద కొట్లాట, ఇప్పుడు వేయని రోడ్డు మీద కొట్లాట. ఆ రోడ్డు మీదుగానే ఇప్పుడు మీరు లంబసింగి మంచు చూడ్డానికి వస్తారు. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని అలా పిలిచారట. చలిమంట దగ్గర సెల్ఫీ దిగేవాళ్లకి ఎవరైనా ఈ మాట చెప్తే బావుంటుంది, నవ్వుకుంటారు.

బాక్సైట్ గురించి ఎక్కువ రాయను, రాస్తే ఆగను. మా కొండల నెత్తిన ఉన్న ఆ ఎర్రరాయి వాననీళ్లు పీల్చుకుని దాచి, ఎండాకాలం దాకా కొంచెం కొంచెంగా ఊటలకి వదులుతుంది. అది తవ్వితే గెడ్డ ఉండదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీల గనులకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది, సమత తీర్పు అంటారు. ఆ తర్వాత కూడా తవ్వకాల జీవోలు వచ్చాయి, ఊళ్లు లేచాయి, జీవోలు పోయాయి. ప్రస్తుతానికి రాయి రాయిలాగే ఉంది.

ఇక కాఫీ. మాది ఎకరంన్నర. టీ తోటల్లా కత్తిరించినట్టు వరసలేం ఉండవు. పైన సిల్వర్ ఓక్, అక్కడక్కడ పనస, మామిడి. ఓక్ మొదలు చుట్టుకుని మిరియాల పాదు. ఆ నీడలో నా ఎత్తున కాఫీ మొక్కలు. బయటివాళ్లు దాన్ని అడివి అనుకుని లోపలికి వచ్చేస్తుంటారు. వేసవి మొదట్లో ఒక వాన పడ్డాక పది రోజులకి కొమ్మ కొమ్మంతా తెల్లగా పూసేస్తుంది, మల్లెపూల వాసన. మూడు నాలుగు రోజులే. ఆ మూడు రోజులూ నేను సెలవు పెడతాను, జ్వరమని రాస్తాను. (మా డాక్టరుగారు ఇది చదవరనే ధైర్యం.) పూత వాడుతుండగానే చైత్రంలో ఇటుకల పండగ. మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు వెదురుగడ అడ్డం పెట్టి రోడ్డు ఆపేసి డబ్బులు వసూలు చేస్తారు. కొత్తగా వచ్చిన మా నర్సు బస్సు ఆపగానే అన్నలు వచ్చారనుకుని పర్సు సీటు కింద దాచింది. బయట చూస్తే గడ పట్టుకుని మా అమ్మ.

నవంబరు నుంచి పళ్లు. ఎర్రగా పండినవే తెంపాలి. ఒక్కో గుత్తిలో నాలుగు ఎరుపు, ఆరు పచ్చ ఉంటాయి. చెయ్యి వేసి దూసేస్తే పని తొందరగా అయిపోతుంది, కానీ వచ్చే ఏడు పూత రావాల్సిన కణుపు దెబ్బ తింటుంది. అమ్మ తెంపడం చూడాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పండు పెట్టి కొంచెం తిప్పుతుంది, లాగదు. పండు దానంతటది వచ్చేసినట్టు వస్తుంది. నేను మైక్రోస్కోపు కింద వెంట్రుకంత తేడా పట్టుకుంటాను గానీ, తోటలో అమ్మ నా బుట్ట చూసి "ఇవేటే, సంటిపిల్లల్ని పీకినట్టు పీకేవు" అని పచ్చవి ఏరి చూపిస్తుంది.

తెంపిన రోజే మిషన్లో వేసి చెయ్యి తిప్పి తోలు తీయాలి. గింజలు జిగురు జిగురుగా జారిపోతుంటాయి. రాత్రంతా తొట్టెలో ఉంచి, జిగురు వదిలాక కడిగి, వాకిట్లో పట్టా మీద ఎండబెట్టాలి. వారం పది రోజులు. పగలు గంటకోసారి కాళ్లతో కలబెట్టాలి, సాయంత్రం మంచు దిగకముందే పోగు చేసి కప్పేయాలి. ఒక్క రాత్రి తడిసిందా, బూజు వాసన పట్టేస్తుంది, రేటు పడిపోతుంది. ఎండిందో లేదో చూడ్డానికి మిషన్లున్నాయంటారు. మా ఇంట్లో మిషను అమ్మ పన్ను. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, "ఇంకా మెత్తగుంది" అందంటే ఇంకో రెండు రోజులు.

2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఫోన్లో చూపించి అమ్మకి చెప్పాను. "అలాగా" అని చోడి అంబలి తాగుతూ కూర్చుంది. అమ్మ కాఫీ తాగదు. చేదట.

ఈ మధ్యనే తెలిసిన సంగతి ఇంకోటి, అమ్మ వంజంగి ఎప్పుడూ చూడలేదు. ఫొటోల్లో చూసి "మబ్బే కదా, పొద్దున్నే మనింట్లోకీ వస్తాది" అంది. నిజమే. చలికాలం తలుపు తీస్తే వాకిట్లో పొయ్యి కనబడదు, పొగ వాసనని బట్టి నడవాలి. అయినా పట్టుబట్టాను. పనస చెట్టు కింద పుట్టిన మా పిన్ని కొడుకు ఇప్పుడు జీపు నడుపుతాడు. ఆదివారాలు టూరిస్టులని వంజంగికి తిప్పడమే వాడి పని. "పెద్దమ్మా, నీకు ఫ్రీ" అన్నాడు. జనవరిలో ఒక ఆదివారం రాత్రి రెండున్నరకి బయల్దేరాం. అమ్మ ఉన్ని టోపీ పెట్టుకుని, దాని మీద చీర కొంగు కప్పుకుని, ముందు సీట్లో పెళ్లికి వెళ్తున్నట్టు కూర్చుంది. జీపు ఆగాక చీకట్లో కొండెక్కడంలో మా అందరికన్నా ముందుంది. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆగి రొప్పుతుంటే, వాళ్లలో ఒకడి బ్యాగు తను అందుకోబోయింది. వాడు సిగ్గుపడి ఇవ్వలేదు.

పైన రెండు మూడొందల మంది ఉంటారు. ఆరు దాటాక తూరుపు ఎర్రబడి, కింద ఉన్నదంతా తెల్లగా బయటపడింది. కొండల కొసలు దీవుల్లా తేలుతున్నాయి. జనం అరిచారు, డ్రోను ఒకటి లేచింది. నాకు గొంతు పట్టేసింది, ఎన్నిసార్లు చూసినా అంతే. అమ్మ వైపు చూశాను. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఎటో తేరిపార చూస్తోంది, నోట్లో ఏదో లెక్క వేసుకుంటున్నట్టు.

"బావుందా అమ్మా?"

"మనూరు ఏ పక్కనే?"

చూపించాను. రెండు కొండ కొసల మధ్య, పాలు పొంగినట్టు, తక్కిన చోట్ల కన్నా మందంగా ఉంది అక్కడ.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇదంతా మన గింజల మీదే ఉందే. రాత్రి పట్టా కప్పింది నువ్వే కదా, అంచులకి రాళ్లెట్టావా?"

పెట్టలేదు. ఆరుంబావుకి కొండ దిగడం మొదలుపెట్టాం.